కొత్త డీజిల్ కారు బుక్ చేసే ముందు

అమ్మలూ,

నువ్వు పంపిన బ్రోచర్ మొత్తం చదివాను. పాత చిన్న కారునే ముఖం మార్చి తెచ్చారు, ఈసారి డీజిల్ ఇంజన్ కూడా ఇస్తున్నారు. పెట్రోలు తీసుకోనా, డీజిల్ తీసుకోనా అని అడిగావు. ఇన్నేళ్ళు డీజిల్ బండ్ల కింద పడుకుని పని చేసినవాడిగా ఒకటే చెప్తాను. మైలేజీ అంకె చూసి డీజిల్ కొనకు. నువ్వు రోజూ ఎంతసేపు, ఎలాంటి దారిలో నడుపుతావో చూసుకుని కొను.

ముఖం సంగతి ముందు తేల్చేద్దాం. ఇలా మార్చినప్పుడు సాధారణంగా బంపర్లు, గ్రిల్, లైట్లు, లోపల స్క్రీన్, సీటు బట్ట మారతాయి. తలుపులు, పైకప్పు, కింద చాసిస్ పాతవే ఉంటాయి. పాత బండిలో వెనక సీట్లో మోకాళ్ళు తగిలి ఉంటే ఇందులోనూ తగులుతాయి. మంచి ఏంటంటే, మొదటి బ్యాచుల్లో బయటపడ్డ చిన్న లోపాలు ఈపాటికి సర్దుకుని ఉంటాయి. కానీ ఆ నమ్మకం డీజిల్‌కి వర్తించదు, ఈ బండికి ఆ ఇంజన్ కొత్త. అదే ఇంజన్ ఆ కంపెనీ వేరే మోడల్లో ముందే ఉందేమో అడుగు. ఉంటే దాన్ని లక్ష కిలోమీటర్లు నడిపినవాళ్ళతో మాట్లాడు. షోరూమ్‌లో వినేదానికంటే అది చాలా విలువైన మాట.

ఇప్పుడు అసలు విషయం. డీజిల్ ఇంజన్లో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే వేడెక్కుతుంది, ఆ వేడికే ఇంధనం అంటుకుంటుంది. అంత ఒత్తిడిని తట్టుకోవాలి కాబట్టి ఇంజన్ బరువుగా, గట్టిగా కడతారు. ఇంజన్లోకి గాలిని గట్టిగా తోసే టర్బో, ఇంధనాన్ని ఒత్తిడితో పంపే హై ప్రెషర్ పంపు, దాన్ని సన్నగా చల్లే ఖరీదైన ఇంజెక్టర్లు కూడా ఉంటాయి. లీటరు డీజిల్‌లో పెట్రోలు కంటే 10 నుంచి 15 శాతం ఎక్కువ శక్తి ఉంటుంది. మైలేజీ రావడానికి అదొక కారణం. తక్కువ ఆర్‌పీఎమ్ దగ్గరే, అంటే ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే, లాగే బలం ఉంటుంది. అయిదుగురు కూర్చుని సామానుతో ఎత్తు ఎక్కుతుంటే ఆ హాయి వేరు. నాకు డీజిల్ అంటే ఇష్టమే.

అయితే ఈ కాలపు డీజిల్‌కి పొగగొట్టంలో మసి ఫిల్టర్ ఉంటుంది. పొగలోని మసిని పట్టుకుని, నిండాక దాన్ని తనలోనే కాల్చేసుకుంటుంది. కాల్చడానికి దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. అంటే బండి ఆగకుండా ఒక 15, 20 నిమిషాలు మంచి వేగంతో సాగాలి. రోజూ పది నిమిషాలు సిగ్నళ్ళ మధ్య నడిపి ఆపేసే బండిలో ఆ పని సగంలో ఆగిపోతూ ఉంటుంది. మసి కాల్చడానికని ఇంజన్ అదనంగా చల్లే డీజిల్ కొంత కిందికి జారి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ (ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల) మీద ఆయిల్ మట్టం పెరుగుతుంటే సంతోషించకూడదు, ఆయిల్ పలచబడుతోందని అర్థం. టర్బో బేరింగులు ఆ ఆయిల్ మీదే బతుకుతాయి. ఫిల్టర్ మూసుకుపోయి వర్క్‌షాపుకి వచ్చిన బండ్లలో ఎక్కువ భాగం దగ్గర దూరాలు తిరిగినవే. వాటి ఓనర్లకి ఈ సంగతి కొనేటప్పుడు ఎవరూ చెప్పలేదు. అందుకే నీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

ఫిల్టర్ తీయించేస్తే సమస్య పోతుందని సలహా ఇచ్చేవాళ్ళు దొరుకుతారు. అస్సలు వినకు. డీజిల్ పొగ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం 2012లోనే తేల్చింది. మన వెనక నడిచే పిల్లల ఊపిరితిత్తులకి ఆ ఫిల్టరే అడ్డు. కొన్ని డీజిల్ బండ్లలో పొగలోని విషవాయువుల్ని తగ్గించడానికి యూరియా ద్రవం పోసే చిన్న ట్యాంకు కూడా ఉంటుంది. దీనికి ఉందో లేదో అడుగు. ఉంటే అది పూర్తిగా ఖాళీ కానివ్వకు, ఖాళీ అయ్యాక ఆపితే చాలా బండ్లు మళ్ళీ స్టార్ట్ కావు.

లెక్క నువ్వే వేసుకో, తేలికే. పెట్రోలు బండికి 100 కిలోమీటర్లకి 6 లీటర్లు, డీజిల్‌కి నాలుగున్నర లీటర్లు పడుతుందనుకో. ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరిగితే 150 లీటర్లు మిగులుతుంది. ఆ మిగులుతో బండి ధరలో ఉన్న తేడా ఎన్నేళ్ళకి తీరుతుందో చూడు. సర్వీసింగ్, బీమా ఖర్చుల్లో తేడా కూడా కలుపు. బ్రోచర్ మైలేజీ కాకుండా, నడిపేవాళ్ళు ట్యాంకు నింపి లెక్కేసిన మైలేజీ తీసుకో.

టెస్ట్ డ్రైవ్‌కి డీజిల్ బండే కావాలని పట్టుబట్టు, పెట్రోలుది ఇచ్చి రెండూ ఒకటే అంటే ఒప్పుకోకు. ఇంజన్ ముందే వేడి చేసి పెట్టొద్దని చెప్పు. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తేనే దాని చప్పుడు, క్లచ్ పెడల్‌లో అదురు తెలుస్తాయి. అల్లుణ్ణి, పిల్లల్ని కూడా ఎక్కించుకో. మూడో గేరులో నెమ్మదిగా వెళ్తూ ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కి చూడు, టర్బో అందుకోవడానికి ఎంతసేపు పడుతుందో తెలుస్తుంది. ముందు బరువు ఎక్కువ కాబట్టి స్పీడ్ బ్రేకర్ల మీద, మలుపుల్లో ఎలా ఉందో కూడా గమనించు.

ఇంట్లో ఎవరు నడిపినా ఒకటి గుర్తుంచుకోమను. డీజిల్ బండిలో పొరపాటున పెట్రోలు పోస్తే తాళం కూడా తిప్పకూడదు. ఇంజన్ హై ప్రెషర్ పంపుకి డీజిలే కందెన. పెట్రోలుతో నడిస్తే లోహం అరిగి, ఆ పొడి ఇంజెక్టర్ల దాకా పోతుంది. ట్యాంకు ఖాళీ చేయిస్తే సరిపోయే పనికి ఇంధన వ్యవస్థ మొత్తం మార్చాల్సి వస్తుంది.

నీ ఆఫీసు పది నిమిషాల దూరమేనన్నావు, హైవే మీదకి ఎప్పుడో గానీ వెళ్ళనన్నావు. అదే సాగేట్టయితే పెట్రోలు తీసుకో, నిశ్చింతగా ఉంటావు. నువ్వు అనుకుంటున్న బదిలీ వచ్చి రోజూ అరవై డెబ్భై కిలోమీటర్ల హైవే పడితే మాత్రం డీజిల్ తీసుకో, ఆ ఇంజన్ చేసిందే అలాంటి దారికి. బదిలీ సంగతి తేలే దాకా ఆగడానికి వీలుంటే ఆగు.

ఓనర్స్ మాన్యువల్‌లో మసి ఫిల్టర్ గురించి, ఇంజన్ ఆయిల్ గ్రేడ్ గురించి ఉన్న పేజీలు ఫొటో తీసి పంపు. బండి తయారైన నెల, సంవత్సరం కూడా అడిగి రాయి. అవి చూసి ఫోన్ చేస్తాను, బుకింగ్ డబ్బు అప్పుడు కడుదువుగాని.

ఆశీస్సులతో,
బాబాయ్