ఉక్కు టోపీ మీద బంగారు తీగ

ప్రశ్న: హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గది చూశాం. యుద్ధంలో పెట్టుకునే ఉక్కు టోపీ మీద అంత సన్నటి బంగారు లతలు ఎలా వేస్తారు? అతికిస్తారా? అంత అందమైనది పెట్టుకుని ఎవరైనా నిజంగా కత్తిదెబ్బలు కాచుకున్నారా?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: అతికించరమ్మా. జిగురూ లేదు, టంకమూ లేదు. ఆ పనిని కోఫ్త్‌గరీ అంటారు. పారసీలో కోఫ్త్ అంటే కొట్టింది. ఉక్కు మీద పదునైన ఉలితో సన్నటి గీతలు దగ్గరదగ్గరగా గీసి, వాటికి అడ్డంగా మళ్లీ గీస్తారు. తడిమితే ఆకురాయిలా గరుకు తేలుతుంది. దాని మీద వెంట్రుకంత బంగారు తీగను ఆకులా, రెమ్మలా వంచుకుంటూ చిన్న సుత్తితో కొడతారు. బంగారం మెత్తన కదా, ఆ గరుకు పళ్లలోకి దిగి కరుచుకుంటుంది. తర్వాత వేడిచేసి, నున్నటి అకీకు రాయితో రుద్దితే ఉక్కు నీలంగా, బంగారం పచ్చగా తేలతాయి. మన బిద్రీలో గాడి తవ్వి వెండి దించుతారు. ఉక్కులోనూ అలా లోతుగా చెక్కి దించే పనుంది, తెహ్‌నిషాన్ అంటారు. శ్రమ, బంగారం రెండూ ఎక్కువ. కోఫ్త్‌గరీలో ఉన్నది పైపొరే. 19వ శతాబ్దంలో ఈ పనికి సియాల్‌కోట్, గుజరాత్ పేరుమోశాయి. ఈ గుజరాత్ రాష్ట్రం కాదు, పంజాబ్‌లో ఒక ఊరు, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది.

అయితే నన్నడిగితే, గొప్ప టోపీల్లో బంగారం తక్కువే. అంచు చుట్టూ ఒక పట్టీ, ముక్కును కాచే కమ్మీ మీద కాస్త, అంతే. మధ్యలో గుండు వదిలేసినట్టుంటుంది. వంగి చూస్తే ఆ ఉక్కులోనే నీటి అలల్లాంటి చారలు కనిపిస్తాయి. మూసలో కరిగించి, నెమ్మదిగా చల్లార్చిన ఉక్కు ముద్దను సాగగొట్టి, పులుపుతో కడిగితే తేలే చారలవి. వాటిని బంగారంతో కప్పే తెలివితక్కువవాళ్లు కారు ఆ పనివాళ్లు. మీరు నిజామాబాద్ వారు కాబట్టి చెబుతున్నాను, మీ జిల్లా కోనసముద్రంలో అలాంటి ఉక్కు ముద్దలే తీసేవారు. 1820లలో హెన్రీ వాయిసీ అనే ఇంగ్లీషు భూగర్భ శాస్త్రవేత్త అక్కడికి వెళ్లినప్పుడు ఇస్ఫహాన్ వర్తకుడు ఒకడు ఉక్కు కోసం వచ్చి ఉన్నాడు.

ఇక దెబ్బల సంగతి. ఈ టోపీకి పారసీలో కులాఖుద్ అని పేరు. గుండ్రటి గిన్నె, పైన మొన, ముందు రెండు చిన్న గొట్టాలు (అవి ఈకలు గుచ్చడానికి), కిందకూ పైకీ జరిగే ముక్కు కమ్మీ, మెడ మీదకు వేలాడే గొలుసు జాలీ. లోపల దూది కుట్టిన టోపీ ఉంటేనే తల నిలుస్తుంది. సిక్కుల కోసం చేసిన కొన్నింట్లో జుట్టుముడి పట్టేలా నడినెత్తి ఉబ్బుగా ఉంటుంది. అలాంటివి చూస్తే పెట్టుకునేవాడి తల కళ్లముందు కదులుతుంది. యుద్ధానిదా, ఊరేగింపుదా తేల్చుకోవాలంటే నేను బంగారం చూడను, జాలీ రింగులు చూస్తాను. ఒక్కో రింగు కొసలు కలిపి రివెట్ కొట్టి ఉంటే దెబ్బ కాచేదే. కొసలు ఊరికే దగ్గరకు నొక్కి వదిలేస్తే కత్తి పోటుకు విచ్చుకుంటాయి. 19వ శతాబ్దపు ఇరాన్‌లో కొమ్ములతో, రాక్షస ముఖాలతో చేసిన టోపీలు చాలావరకు ఈ రెండో రకమే. వాటి మీది నగిషీ కూడా ఉలి పని కాదు, యాసిడ్ పోసి తినిపించినది.

ప్రశ్న: మా తాతగారి పెట్టెలో ఇలాంటి టోపీ ఒకటి తుప్పుపట్టి ఉంది. చింతపండుతో తోమొచ్చా?
– ఇంకో పాఠకుడు, కర్నూలు

జవాబు: వద్దు బాబూ! చింతపండు ఇత్తడి బిందెలకు. ఉక్కును అది తినేస్తుంది, బంగారం కింద ఉన్న ఆ పళ్లనూ తినేస్తుంది. పళ్లు పోతే బంగారం దేన్ని పట్టుకుంటుంది? మెత్తటి పొడి బ్రష్‌తో దుమ్ము దులపండి, గుడ్డకు చుక్క మెషిన్ ఆయిల్ అద్ది తుడవండి, చేతులకు గ్లవ్స్ వేసుకోండి. మిగిలిన తుప్పు ఉండనివ్వండి. లోహాలు శుభ్రం చేసే పనిలో చేరిన కొత్తల్లో నేను ఇటుక పొడితో ఒక కత్తి పిడి రుద్దాను. పది నిమిషాల్లో తళతళలాడింది. గుడ్డ దులిపితే ఇటుక ఎరుపులో పచ్చటి నలకలు కనిపించాయి. మా పెద్దాయన ఏమీ అనలేదు, ఆ గుడ్డను మడిచి నా బల్ల సొరుగులో పెట్టి వెళ్లిపోయాడు.