560 మార్కులొచ్చిన పిల్లకి చేపల చదువా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. మూడెకరాల రొయ్యల చెరువుంది. మా పాపకి టెన్త్‌లో 600కి 560 వచ్చాయి. పొద్దున్నే వాళ్ల నాన్నతో చెరువు మీదికెళ్లి, చెక్‌ట్రేలో (రొయ్యలు ఎంత తిన్నాయో చూడ్డానికి చెరువులో దించే పళ్లెం) మేత ఎంత మిగిలిందో నోట్‌బుక్‌లో రాసుకుంటుంది. బైపీసీ తీసుకుని ఫిషరీస్ చదువుతానంటోంది. మా వారు విజయవాడ హాస్టల్లో ఎంపీసీలో వేసి కంప్యూటర్స్ చదివిద్దామంటున్నారు. ‘అన్ని మార్కులొచ్చిన పిల్లకి చేపల చదువేంటి’ అని బంధువులు నవ్వుతున్నారు. ఏం చేయమంటారు? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మార్కుల కంటే ముందు ఆ నోట్‌బుక్ గురించి మాట్లాడుకుందాం. ట్రేలో మేత మిగిలిందంటే రొయ్య తినడం తగ్గింది. ఎందుకు తగ్గింది? నీళ్లలో ఆక్సిజన్ పడిపోయిందా, జబ్బేమైనా మొదలైందా, లేక మేతే ఎక్కువ వేశామా? ఎవరూ చెప్పకుండానే రోజూ చూసి, రాసుకుని, కారణం వెతుకుతున్న పిల్ల సైన్సు మొదలుపెట్టేసినట్టే. టెన్త్ పిల్లల్లో ఇలాంటి పట్టు నాకు అరుదుగా కనిపిస్తుంది. దాన్ని పోగొట్టకండి.

ఇక బంధువుల నవ్వు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారాక మన డెల్టాలో పంట నిలిచింది. ఆ పంట డబ్బుతోనే ఎన్నో కుటుంబాలు పిల్లల్ని చదివించాయి. చదువు మీద మన పెద్దలకున్న ఆ నమ్మకం గొప్పది. అయితే రాను రాను, ఊరొదిలి ఎంత దూరం వెళ్తే అంత బాగా చదివినట్టు అనే లెక్క మనలో పాతుకుపోయింది. పెళ్లిళ్లలో ‘మీ వాడెక్కడున్నాడు’ అని అడుగుతాం గానీ, ఏం పని చేస్తున్నాడో, ఆ పని ఇష్టంగా చేస్తున్నాడో లేదో అడగం. పిల్లల చదువు మన పరువుకి కొలతైపోయింది. ఆ బరువు పదిహేనేళ్ల పిల్ల మీద పెట్టడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

మీ వారిని మాత్రం తప్పుపట్టను. రొయ్యలకి వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు వస్తే చెరువంతా పోతుంది. 2025లో అమెరికా సుంకాలు పెంచేసరికి ఆక్వా రైతులు ఎంత హడలిపోయారో మీ ఇంట్లోనే చూసుంటారు. ఈ టెన్షన్ నా బిడ్డకి వద్దనుకోవడం ప్రేమే. కానీ ఫిషరీస్ చదివినవాళ్లందరూ చెరువులు వేయరు. రొయ్య పిల్లల్ని, చేప పిల్లల్ని పుట్టించే హేచరీలు, నీటి పరీక్షల ల్యాబులు, ఫీడ్ కంపెనీలు, ప్రాసెసింగ్ ప్లాంట్లు, మత్స్యశాఖ ఉద్యోగాలు, పీజీ చేస్తే పరిశోధన, బోధన, ఇలా చాలా దారులున్నాయి. ఇది ఆయనకి నిదానంగా చెప్పండి.

దారి ఇదీ: ఇంటర్ బైపీసీ, తర్వాత ఏపీ ఈఏపీసెట్, అందులో ర్యాంకుతో నాలుగేళ్ల బీఎఫ్‌ఎస్సీ, అంటే ఫిషరీస్ డిగ్రీ. నెల్లూరు జిల్లా ముత్తుకూరులో ఫిషరీస్ కాలేజీ చాలా ఏళ్లుగా ఉంది. 2020లో చట్టం చేసి ఏర్పాటు చేసిన ఫిషరీస్ యూనివర్సిటీ మీకు దగ్గర్లోనే, నరసాపురం ప్రాంతంలో ఉంది. సీట్లు తక్కువ కాబట్టి మంచి ర్యాంకు కావాలి. ఆ 560 తెచ్చుకున్న కష్టం అక్కడ పనికొస్తుంది. ఇబ్బందులూ దాచను. ప్రైవేటులో మొదటి జీతాలు సాఫ్ట్‌వేర్‌తో పోలిస్తే తక్కువే. చెరువుల మీద తిరిగే ఉద్యోగాల్లో ఆడపిల్లలు ఇంకా కొద్దిమందే. ఈ రెండూ పాపకి ముందే తెలియాలి.

హాస్టల్ విషయంలో నా మాట సూటిగా చెబుతాను. భీమవరంలో మంచి బైపీసీ కాలేజీ దొరికితే ఇంటి నుంచే పంపండి. డిగ్రీకి ఎలాగూ ఇల్లు వదలాలి. ఈ రెండేళ్లు అమ్మ చేతి అన్నం తింటూ, నాన్నతో చెరువు గట్టున మాట్లాడుకుంటూ పెరిగితే ర్యాంకేమీ తగ్గదు.

ఈలోగా మీ వారు పాపని వెంటబెట్టుకుని దగ్గర్లోని ఏదైనా హేచరీకో, ఆక్వా ల్యాబ్‌కో వెళ్లి రావాలి. అక్కడ పనిచేసే అమ్మాయిలుంటే పాపే స్వయంగా మాట్లాడాలి. బైపీసీలో చేరాక మనసు మారినా వెటర్నరీ, అగ్రికల్చర్, హార్టికల్చర్‌కి అదే గ్రూపు సరిపోతుంది. వ్యవసాయ, అనుబంధ కోర్సుల్లో రైతు కుటుంబాల పిల్లలకి కొన్ని సీట్లుంటాయి. ఆ నిబంధనలు మీకు వర్తిస్తాయో లేదో ప్రవేశాల నోటిఫికేషన్‌లో చూసుకోండి. పాప చదువుకున్న స్కూళ్ల స్టడీ సర్టిఫికెట్లు, భూమి కాగితాలు మాత్రం ఇప్పటినుంచే ఒక ఫైల్లో పెట్టి ఉంచండి.