రామోన్స్ తొలి ఆల్బమ్‌లో 14 పాటలున్నా, అరగంట కూడా ఎందుకు రాదు?

పాటలు చిన్నవి కావడం వల్లే. 1976లో వచ్చిన ఈ న్యూయార్క్ పంక్ (వేగంగా, సాదాసీదాగా సాగే రాక్) బ్యాండ్ ఆల్బమ్ నిడివి సుమారు 29 నిమిషాలు. ఏ పాటా మూడు నిమిషాలు దాటదు. అప్పటి రాక్ బ్యాండ్లు చాలావరకు పొడవాటి గిటార్ సోలోలతో పాటను సాగదీసేవి. వీళ్లు సోలోలను దాదాపుగా పక్కన పెట్టేశారు. మూడు నాలుగు గిటార్ కార్డ్స్ (కలిపి మోగించే స్వరాలు), ఆగకుండా పరిగెత్తే డ్రమ్స్, ఒక చరణం, ఒక పల్లవి, అంతే. ‘జూడీ ఈజ్ ఎ పంక్’నే తీసుకోండి, ఒకటిన్నర నిమిషంలో ముగిసిపోతుంది. మళ్లీ వినాలనిపించేది కూడా అందుకేనేమో!

ఎల్పీలో, అంటే అప్పటి పెద్ద వినైల్ రికార్డులో, చోటు చాలక కుదించారని అనిపించవచ్చు. అది నిజం కాదు. ఎల్పీలో 40 నిమిషాలు హాయిగా పడతాయి. డబ్బు తక్కువన్నది మాత్రం నిజమే, ఖర్చు దాదాపు 6,400 డాలర్లు. కానీ కారణం అది కాదు, స్టేజీ మీద కూడా వాళ్ల పాటలు ఇంతే పొట్టిగా ఉండేవి.