కోళ్ల ఫ్లూ టీకాలో నూనె ఎందుకు కలుపుతారు?

టీకాలో ఉండే చచ్చిన వైరస్‌ను కోడి రక్షణ వ్యవస్థ గట్టిగా పట్టించుకునేలా చేయడానికి. ఇలాంటి పదార్థాన్నే అడ్జువెంట్ అంటారు. చచ్చిన వైరస్ ఒంట్లో పెరగదు, అందుకే ఒక్కదాన్నే ఎక్కిస్తే స్పందన అంతంతమాత్రం. హెచ్9ఎన్2 అనే రకం కోళ్ల ఫ్లూ వైరస్‌కు వేసే టీకానే చూడండి: మెడ చర్మం కింద వేశాక నూనె అక్కడే నిలిచి, వైరస్ ప్రొటీన్‌ను వారాల తరబడి కొద్దికొద్దిగా వదులుతుంది. అంతకన్నా ముఖ్యం, అది రేపే చిన్న వాపు. ఆ వాపు దగ్గరికి చేరిన కణాలు ప్రొటీన్‌ను మింగి, రక్షణ వ్యవస్థలోని బి, టి కణాలకు చూపిస్తాయి. యాంటీబాడీలు ఎక్కువగా, ఎక్కువకాలం తయారవుతాయి.

బెంగళూరు శివారు ఫారాల్లో మనవాళ్లు కొందరు నూనెనే మందనుకుంటారు. కాదు. వైరస్ రకం కుదరకపోతే నూనె ఏమీ చేయలేదు. హెచ్9ఎన్2 టీకా హెచ్5ఎన్1 అనే మరో రకం కోళ్ల ఫ్లూను ఆపదు.