తీర్పు రాకముందే పేరు, ఫొటో వేయొచ్చా?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. మా తమ్ముడికి 19 ఏళ్లు నిండి రెండు నెలలైంది. ఏడాదిన్నర కిందట అత్యాచారం చేశాడంటూ ఇప్పుడు కేసు పెట్టారు. రిమాండులో ఉన్నాడు, ఛార్జిషీటు ఇంకా వేయలేదు. యూట్యూబ్ ఛానెళ్లు వాడి పేరు, ఫొటో, మా ఇల్లు, చివరికి కాలేజీ గేటు కూడా చూపిస్తున్నాయి. అమ్మాయి పేరు మాత్రం ఎవరూ చెప్పడం లేదు. తీర్పు వచ్చేదాకా నిందితుడి పేరు కూడా దాచాలని చట్టం లేదా?

జవాబు: పెద్దవాళ్ల విషయంలో అలాంటి సాధారణ నియమం లేదండీ. భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 72వ సెక్షన్ కాపాడేది బాధితురాలి గుర్తింపునే. పైగా అరెస్టయినవారి పేరు, చిరునామా, నేరం వివరాలు ప్రతి పోలీస్ స్టేషన్‌లోనూ ప్రదర్శించాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (అరెస్టు, విచారణ పద్ధతుల చట్టం) 37వ సెక్షన్ చెబుతోంది. ఎవరిని పట్టుకెళ్లారో ఇంట్లోవాళ్లకు తెలియకుండా పోకూడదనే ఆ ఏర్పాటు. అందుకే తీర్పు దాకా అంతా గోప్యంగా ఉండాలన్న వాదనతో నేను ఏకీభవించను. బ్రిటన్ కూడా అత్యాచారం కేసుల నిందితులకు 1976లో ఆ రక్షణ ఇచ్చి, 1988లో ఎత్తేసింది.

కానీ మీ ఉత్తరంలో మీరు గమనించని సంగతి ఒకటుంది. ఏడాదిన్నర కిందట మీ తమ్ముడికి 18 నిండలేదు. బాలల న్యాయ చట్టం, 2015 ప్రకారం చూడాల్సింది అరెస్టు నాటి వయసు కాదు, నేరం జరిగిందంటున్న రోజు వయసు. కాబట్టి 74వ సెక్షన్ వర్తిస్తుంది: పేరు, చిరునామా, చదివే చోటు, గుర్తుపట్టే ఏ వివరమూ ప్రచురించకూడదు. మొహం మసక చేసి ఇల్లు చూపించినా ఉల్లంఘనే. శిక్ష ఆరు నెలల దాకా జైలు, లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

2019లో హైదరాబాద్ దగ్గర పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగిన దిశ కేసు చూడండి. ఎన్‌కౌంటర్‌లో చనిపోయిన నలుగురు నిందితుల్లో ముగ్గురు మైనర్లని, సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. వాళ్ల పేర్లు, ఫొటోలు అప్పటికే ఊరూరా తిరిగేశాయి.

ముందు ఎఫ్ఐఆర్ కాపీ తీసుకుని తేదీలు చూడండి. 18 నిండాక జరిగిన ఘటన ఒక్కటి రాసి ఉన్నా ఆ ఘటనకు ఈ రక్షణ దొరకదు. అలాంటిదేమీ లేకపోతే రిమాండు ఇచ్చిన మేజిస్ట్రేటు ముందే బాలల న్యాయ చట్టం 9వ సెక్షన్ కింద వయసు పిటిషన్ వేయించండి. టెన్త్ మెమో లేదా స్కూలు ఇచ్చిన పుట్టినతేదీ ధ్రువపత్రం జతచేయాలి. అవి లేకపోతే మునిసిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. అదీ లేనప్పుడే వైద్య పరీక్ష. ఆధార్‌ను నమ్ముకోకండి. వయసు రుజువైతే కేసు మైనర్ల కేసులు చూసే జువనైల్ బోర్డుకు వెళ్తుంది, మీ తమ్ముడు జైల్లో ఉండకూడదు. 16 దాటినవారిపై తీవ్ర నేరమైతే పెద్దవాళ్లలా విచారించాలా అని బోర్డు పరిశీలిస్తుంది. అప్పుడైనా పేరు మీద నిషేధం మాత్రం పోదు.

ఇక ఛానెళ్ల సంగతి. నోటీసు అందగానే వీడియో తీసేస్తారు, దాంతో రుజువూ పోతుంది. అందుకే నోటీసు పంపకముందే లింకు, తేదీ, సమయం కనబడేలా స్క్రీన్ రికార్డింగ్ చేసి పెట్టుకోండి. కోర్టులో దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇచ్చే సర్టిఫికెట్ జతచేయాలి. కొత్త నమూనాలో రెండు భాగాలుంటాయి, రెండోది నిపుణుడు సంతకం చేయాలి. 74 ఉల్లంఘనకు స్టేషన్‌లో నేరుగా ఎఫ్ఐఆర్ కట్టరు, కోర్టులో ప్రైవేటు ఫిర్యాదు వేయాలి.

పరువునష్టం దావా సంగతి వేరు. ‘కేసు నమోదైంది’ అన్నది నిజమే కాబట్టి దాని మీద దావా నిలబడదు. తీర్పు రాకముందే ‘వీడే చేశాడు’ అని తేల్చేసిన వీడియోల మీద వేయొచ్చు. సివిల్ దావాకు గడువు ప్రచురణ నుంచి ఒక్క ఏడాదే.

ఇంకొకటి. మీ బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో అమ్మాయి పేరు, ఫొటో తిరుగుతుంటే ఈరోజే తీయించండి. 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు, అది పంపినవాళ్ల మీదే పడుతుంది. పైగా బెయిల్ పిటిషన్ విచారణలో ప్రాసిక్యూటర్ ఆ స్క్రీన్‌షాట్లనే ముందు పెడతారు.