యూనిటేరియన్ చర్చికి వెళ్తే మతం మారినట్టేనా?

"దేవుణ్ణి గట్టిగా నమ్మనివాళ్ళు కూడా యూనిటేరియన్ చర్చికి వెళ్ళొచ్చంటారు. మరి అక్కడ ఆధ్యాత్మికత ఏముంటుంది? మనవాళ్ళు వెళ్తే మతం మారినట్టేనా?" అని అడిగారు.

మారినట్టు కాదు. యూనిటేరియన్లు దేవుడు ఒక్కడేనంటూ క్రైస్తవంలోంచి విడిగా వచ్చినవాళ్ళు. ఇప్పుడు వాళ్ళ చర్చిలో ఫలానాదే నమ్మాలన్న నియమం లేదు. అలాంటి చర్చికి బోస్టన్ దగ్గర ఒక చిన్న ఊళ్ళో ఏడేళ్ళుగా వెళ్తున్నాను. మా ఇంట్లో దేవుడి గూడు ఎక్కడికీ పోలేదు, కార్తీక సోమవారాలు దీపమూ మానలేదు. ఏం నమ్ముతావని అక్కడ నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు. నా వరసలో కూర్చునే పెద్దాయన పక్కా నాస్తికుడు, ఆయన భార్య బౌద్ధ ధ్యానం చేస్తుంది. పాట మొదలైతే ఇద్దరూ ఒకే పుస్తకం పట్టుకుని పాడతారు.

అసలు మతం మార్చాలని వచ్చినవాడే మారిపోయిన కథ మన దేశంలోనే ఉంది. విలియం ఆడమ్ అనే బాప్టిస్టు మిషనరీ కలకత్తాలో రామమోహన రాయ్‌తో కలిసి బైబిల్ అనువాదానికి కూర్చున్నాడు. ఆ చర్చల్లో త్రిత్వం మీద, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడన్న దాని మీద నమ్మకం పోయి ఆయనే యూనిటేరియన్ అయ్యాడు. 1821లో ఇద్దరూ కలిసి అక్కడ యూనిటేరియన్ కమిటీ పెట్టారు. ఆ రాయ్ స్థాపించిన బ్రహ్మసమాజానికి వీరేశలింగం గారు మందిరం కట్టించిన రాజమండ్రిలో పుట్టినదాన్ని, నాకు ఇందులో పరాయితనం ఎందుకుంటుంది?

ఇక ఆధ్యాత్మికత సంగతి. ఏటా సెప్టెంబరులో, వేసవి సెలవులయ్యాక అందరూ మళ్ళీ కలిసే ఆదివారం ఎవరికి తోచిన నీళ్ళు వాళ్ళు తెచ్చి ఒక పెద్ద గాజు గిన్నెలో పోస్తారు. నాన్న పోయిన ఏడు నేను గోదావరి నీళ్ళు తీసుకెళ్ళాను. కర్మలు అయ్యాక కోటిలింగాల రేవులో ఆయన దగ్గుమందు సీసానే కడిగి పట్టుకున్నాను. ఆగస్టు కదా, నది ఎర్రగా ఉంది. మూతకి టేపు చుట్టి చీరల మధ్య పెట్టుకుని తెచ్చుకున్నాను.

వరసలో నా ముందున్నావిడ, "ఆపరేషనై వేసవంతా ఇల్లు కదల్లేదు, ఇవి మా వంటింటి కుళాయి నీళ్ళు" అని పోసింది. నా వంతు వచ్చింది. "ఇది గోదావరి. మా నాన్నని ఇందులోనే కలిపాం" అన్నాను. అంతకు మించి నోరు పెగల్లేదు. సీసా మూతి సన్నం, నీళ్ళు బుడబుడమంటూ ఆగి ఆగి పడ్డాయి. అడుగున పేరుకున్న ఒండ్రు చివర్లో ఒక్కసారిగా జారి, గిన్నెలో నీళ్ళన్నీ రంగు మారాయి. నాకు సిగ్గేసింది. హాల్లో ఒక్కరూ కదల్లేదు.

తర్వాత కాఫీ దగ్గర ఆ కుళాయి నీళ్ళావిడ వచ్చి నా పక్కన కూర్చుంది. "మీ నాన్నగారు ఏం చేసేవారు?" అంది. లెక్కల మాష్టారని మొదలుపెట్టి ముప్పావు గంట చెప్పాను. అప్పటికి నేనున్న వాట్సాప్ గ్రూపుల్లో "ఓం శాంతి" అని వందకు పైగా మెసేజ్‌లు వచ్చాయి. ఆయన గురించి ఒక్క మాట అడిగినవాళ్ళు లేరు. గుడికి వెళ్తే ఇల్లెక్కడ కొన్నారు, పిల్లలు ఏ కాలేజీ అంటారు. ఇది నాకు ఇంకా బాధే. ఆదివారాలు జనం వచ్చేది ప్రసంగం కోసం కాదు, ఆ కాఫీ కోసమేనని నేను కచ్చితంగా చెప్పగలను.

ఇబ్బందులు లేవని కాదు. మినిస్టర్‌ని, అంటే చర్చి నడిపే గురువుని కూడా సభ్యులే ఓటేసి ఎన్నుకుంటారు కాబట్టి ప్రతిదానికీ మీటింగే. పైకప్పు రిపేరు మీద ఒకసారి రెండున్నర గంటలు కూర్చోబెట్టారు. చర్చికి ఏడాదికి ఎంత చందా ఇస్తారో ముందే రాసివ్వాలి. చాలామంది తల నెరిసినవాళ్ళే, మన రంగువాళ్ళు తక్కువ. మొదటి ఆరు నెలలు నాకు ఒంటరిగానే అనిపించింది.

ఆ గిన్నెలో నీళ్ళు పారబోయరు. వడకట్టి, మరగబెట్టి, జాడీలో దాస్తారు. మరుసటి ఏప్రిల్‌లో ఒక పసివాడికి పేరు పెడుతూ గులాబీని ఆ నీళ్ళలో ముంచి నుదుటికి తాకించారు. వాడు ఏడవలేదు, పువ్వు పట్టుకోబోయాడు. నేను వెనక వరసలో కూర్చుని ఏడ్చాను.

మీ దగ్గర్లో ఇలాంటి చర్చి ఉంటే సెప్టెంబరులో ఒకసారి వెళ్ళి చూడండి. కుళాయి నీళ్ళయినా సరిపోతాయి.