హాస్టల్ కొత్త కాదు, ఖాళీ సాయంత్రం కొత్త

ప్రశ్న: మా అబ్బాయికి జోసా (ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్ల) కౌన్సెలింగ్‌లో ఒడిశాలోని రూర్కెలా ఎన్‌ఐటీలో సీటు వచ్చింది. ఇంకో ఇరవై రోజుల్లో వెళ్లాలి. ఇంటర్ రెండేళ్లూ రెసిడెన్షియల్ కాలేజీలోనే ఉన్నాడు కాబట్టి ‘వాడికి హాస్టల్ కొత్తేం కాదు, నువ్వే టెన్షన్ పడుతున్నావు’ అంటారు మావారు. కానీ వాడు ఇంతవరకు ఒక్కడే బ్యాంకుకు వెళ్లలేదు. ఒంట్లో బాగాలేకపోయినా నోరు తెరిచి చెప్పడు. ఏం సర్దాలి, ఏం నేర్పాలి?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: మీ భయం అనవసరమైంది కాదమ్మా. పద్నాలుగేళ్లు ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ అబ్బాయిల హాస్టల్ వార్డెన్‌గా కూడా చేశాను. మన ఇంటర్ హాస్టళ్ల నుంచి వచ్చే పిల్లలకు ఇంటికి దూరంగా ఉండటం బాగానే తెలుసు. తమ రోజును తాము నడుపుకోవడం మాత్రం తెలీదు. అక్కడ తెల్లవారకముందే ఎవరో లేపేవారు. స్టడీ అవర్‌లో పక్కనే లెక్చరర్ కూర్చునేవారు. ఫోన్ ఉండేది కాదు. ఇక్కడ సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా సమయమంతా వాడిదే, ఫోన్ చేతిలోనే ఉంటుంది, పొద్దున లేపే మనిషి ఉండడు. మొదటి నెలలో పొద్దున ఎనిమిదింటి క్లాసుకు రాని పిల్లల గదులకు వెళ్లి చూస్తే, ఎక్కువమంది అలా పెరిగినవాళ్లే. చెడ్డ పిల్లలు కారు, అలవాటు లేదంతే.

అందుకే ఈ ఇరవై రోజులూ వాణ్ని లేపకండి. పదింటికి లేస్తే లేవనివ్వండి. టిఫిన్ మాత్రం తొమ్మిదికే అయిపోవాలి. మీకు ప్రాణం ఒప్పదని తెలుసు, అయినా ఓర్చుకోండి.

డబ్బు సంగతీ అంతే. ఇరవై రోజులకు సరిపడా ఒకేసారి ఇచ్చేయండి. ఫోన్ రీచార్జ్, కటింగ్, స్నేహితులతో బయట తిండి అన్నీ అందులోనే. పన్నెండో రోజుకే అయిపోతే మళ్లీ ఇవ్వకండి. ఆ ఇబ్బందేదో ఇంట్లో పడటమే మేలు. వాడి ఆధార్‌కు ఎవరి ఫోన్ నంబరు ఉందో ఇవాళే చూడండి. చాలా ఇళ్లలో తండ్రి నంబరే ఉంటుంది. పిల్లాడు అక్కడ బ్యాంకులో నిలబడితే ఓటీపీ ఇక్కడ తండ్రి ఫోన్‌కు వస్తుంది, ఆయనేమో బండి మీద ఉంటాడు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో తత్కాల్ టికెట్టుకూ ఆధార్ ఓటీపీ కావాలి. నంబరు మార్పించే పనికి వాణ్నే పంపండి, మీరు వెంట వెళ్లకండి. టీసీ, మార్కుల మెమోలు, కుల ధ్రువీకరణ పత్రం జెరాక్సులు కూడా వాడే తీయించి ఫైల్లో పెట్టుకోవాలి.

ఇక నోరు తెరిచి చెప్పడన్నారే, నా మనసు అక్కడే ఆగింది. మా చిన్నమ్మాయి కర్ణాటకలోని సూరత్కల్‌లో చదివింది. రోజూ రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసేవాణ్ని. ‘తిన్నావా, చదువుతున్నావా?’ ఈ రెండే ప్రశ్నలు. మొదటి సెమిస్టర్‌లో అది లెక్కల్లో తప్పింది. నాకు తెలిసేసరికి రెండు నెలలైంది, అదీ దాని స్నేహితురాలి తల్లి చెబితే. నాకెందుకు చెప్పలేదమ్మా అంటే, ‘నువ్వు అడిగినవాటికి జవాబు చెప్పాను కదా నాన్నా’ అంది. వందలమంది పిల్లల కష్టాలు విన్నవాణ్ని, నా బిడ్డ కష్టం వినలేకపోయాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

కాబట్టి బయల్దేరే ముందు ఒక రాత్రి భోజనాల దగ్గర మీవారి చేతే చెప్పించండి: ‘సబ్జెక్టు పోయినా, డబ్బు పోయినా, జ్వరం వచ్చినా, ఎవరైనా ఏడిపించినా ముందు నాకు చెప్పు, నేను కోప్పడను.’ మీరు చెబితే చాలదు, ఆయనే అనాలి. ఆ తర్వాత నిజంగానే కోప్పడకూడదు. ఫోన్ రెండు మూడు రోజులకోసారి చాలు. ‘ఇవాళ ఎవరితో కలిసి తిన్నావు?’ అని అడిగి చూడండి. వరసగా వారం రోజులు ‘ఒక్కణ్నే’ అన్నాడంటే మీవారు రైలెక్కాల్సిందే. ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522, మనసు బాగాలేనప్పుడు మాట్లాడటానికి టెలీ మానస్ 14416. ఈ రెండు నంబర్లూ వాడి ఫోన్లో ఉండాలి.

సర్దడానికి పెద్దగా ఏం లేదు. బకెట్టు, పరుపు అక్కడే కొనుక్కోవచ్చు. దోమతెర, జ్వరం మాత్రలు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పెట్టండి. కందిపొడి, ఆవకాయ కాస్త ఎక్కువే పెట్టండి, గదిలో అందరూ తింటారు. విజయవాడ నుంచి బొకారో ఎక్స్‌ప్రెస్ నేరుగా రూర్కెలా వెళ్తుంది. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు కాబట్టి, దసరాకు రావడానికి టికెట్ ఇప్పట్నుంచే చూసుకోమనండి. అదీ వాడే చేసుకోవాలి.

చేర్పించడానికి ఇద్దరూ వెళ్లండి. కౌంటర్ దగ్గర ఫైలు మాత్రం వాడి చేతిలోనే ఉండనివ్వండి. మీరిద్దరూ వెనక కుర్చీల్లో కూర్చోండి.